పదకొండో వీధి గొంతుపెట్టె

పోటుకి పదకొండు రోజులు

తేలూరులో ఎవరు ఏ పెట్టె చేసినా దానికో పుస్తకం రాయాలి. రేపు చేసినవాళ్ళు పోయాక ఎవరో ఒకరు మూత విప్పుతారు. లోపల ఏ తీగ ఎందుకుందో వాళ్ళకి తెలియాలి కదా. కాబట్టి చదివేవారెవరో గాని, నమస్కారం. నా పేరు మంగతాయారు. పదకొండో వీధి, మూడో ఇల్లు. రొయ్యల తొట్ల పంపులు బాగుచేయడం నా పని. వయసు యాభై నాలుగు. ఓపిక తక్కువ.

ఈ పెట్టె చేయాల్సింది ఒక్కటే. ఒకవైపు అంకెలు పోస్తే రెండోవైపు శబ్దం రావాలి. ఎవరి చెవిలో వాళ్ళు పెట్టుకునే చెవిపూసలోకి కాదు, గాల్లోకి, అందరికీ ఒకేసారి వినపడేలా. మా ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఇలాంటిది ఎవరికీ అవసరం రాలేదు. పాత పుస్తకాల్లో దీన్ని కన్వర్టర్ అన్నారు. మా మావయ్య, అంటే మా ఆయన నాన్నగారు, పైడయ్య గారు గొంతుపెట్టె అన్నారు. అన్నారంటే పలక మీద రాశారు. ఆయన గొంతు నిరుడు ఆపరేషన్‌లో పోయింది. గొంతు పోయింది గాని నోరు పోలేదు, సుద్దముక్కల డబ్బా నెలకొకటి అవుతోంది.

ఎందుకు చేస్తున్నానో కూడా రాయాలి. తుఫాన్ల కాలం మొదలయ్యేలోగా మా ఊళ్ళో తేలే వీధులన్నీ బయటి ఉప్పునీళ్ళ నుంచి లోపలి చెరువులోకి చేరాలి. రెంటికీ మధ్య ఉన్న సిమెంటు గట్టుని గుమ్మం అంటాం. పెద్ద పోటు వచ్చిన పూట గుమ్మం మీదకి నీళ్ళు లేస్తాయి, ఆ రెండు గంటల్లో వీధిని తాళ్ళతో లాగి దాటించాలి. కింద రొయ్యపిల్లల మడి ఉంది కాబట్టి మోటారు తిప్పకూడదు. నాలుగు రోజుల కింద అమావాస్య పోటుకి పది వీధులు దాటాయి. మాది దాటలేదు.

మాది అన్నిటికంటే పెద్దది. పధ్నాలుగు ఇళ్ళు, పైన ఊరందరి వంటశాల. అటు తాడుకి అరవై మంది, ఇటు తాడుకి అరవై మంది, మధ్యలో కొండలాగా వీధి. ఇటువాళ్ళకి అటువాళ్ళు కనపడరు. ఇన్నేళ్ళూ మావయ్యగారు వంటశాల కప్పెక్కి పాడేవారు. ఎప్పుడు లాగాలి, ఎప్పుడు ఊపిరి తీసుకోవాలి, ఎప్పుడు ఎడమ తాడు వదలాలి, అన్నీ ఆ పాటలోనే ఉంటాయి. ఈసారి ఆయన పాత రికార్డు ఉందిగా అని అందరి చెవిపూసల్లోకీ పంపారు. చెవిపూసలన్నీ ఒక వయసువి కావు. కొత్తవాటిలో పాట ముందు వినపడుతుంది, పాతవాటిలో రెప్పపాటు వెనక. నూట ఇరవై మంది నూట ఇరవై రకాలుగా లాగారు. వీధి అడ్డం తిరిగి గుమ్మానికి గుద్దుకుంది. వంటశాలలో పప్పు అండా బోర్లాపడింది.

ఎవరో ఒకరు పైకెక్కి పాడొచ్చు కదా అంటారేమో. గుమ్మం మేస్త్రీ ఇమ్మానియేలు గారు ఎక్కి చూశారు. చిన్నప్పటి నుంచి చెవిపూసల్లో గుసగుసలాడి బతికినవాళ్ళం, మా ఎవరి గొంతూ పక్కింటి దాకా వెళ్ళదు. మూడో అరుపుకి ఆయనకి దగ్గు, నాలుగోదానికి ఎక్కిళ్ళు. మా ఆయన నూకరాజు గారు వంటశాల గరిటెతో పళ్ళెం వాయించారు. పళ్ళెం లాగమని చెబుతుంది గాని ఆగమని చెప్పదు. జనం లాగి లాగి చతికిలబడ్డారు.

ఇవాళ ఇమ్మానియేలు గారు మా గడపలో నిలబడి, చేతులు నలుపుకుంటూ చెప్పారు.

"తాయారమ్మగారూ, పున్నమి పోటే ఆఖరండి. ఆ పూట కూడా దాటకపోతే వీధిని విప్పెయ్యాలండి. బల్లలు తలో వీధికీ, మనుషులు తలో వీధికీ. బయటుంచితే తుఫానుకి ముక్కలైపోద్ది. నా చేతిలో ఏం లేదండి."

ఈ వీధికి మొదటి బల్ల పరిచింది మావయ్యగారూ అత్తయ్యగారూ. అత్తయ్యగారు పోయి తొమ్మిదేళ్ళు. మావయ్యగారు పలక తీసి ఇంతింత అక్షరాలతో రాశారు: "విప్పితే నన్ను కూడా విప్పు."

ఇమ్మానియేలు గారు నా వంక చూశారు. నేను పెట్టె చేస్తానని నోరు జారాను.

ఈ రోజు పని: అడుగు చెక్క, దణ్ణం, మర్యాద తీగ, పవరు.

పోటుకి తొమ్మిది రోజులు

ముడిసరుకు దొరికింది. చిప్పు రెండు, పాత ఆసుపత్రి పెట్టెలోంచి ఊడదీసినవి. వాటి వివరాల కాగితం కూడా పాత సామానూ పాత రికార్డులూ దాచే ఊరి కొట్టులో దొరికింది, సగం చెదలు తిన్నది. బాకా మాత్రం అదృష్టం కొద్దీ వచ్చింది. మునిగిపోయిన ఊళ్ళ మీద వల వేసేవాళ్ళకి నిరుడు బురదలో తగిలిందట, అల్యూమినియంది, గంగాళం అంత. ఇన్నాళ్ళూ అందులో కోడి పొదిగేది. కోడిని ఒప్పించడానికి మా ఆయనకి గంట పట్టింది.

పాట ఫైలు కూడా కొట్టులోంచే తెచ్చాను. ఇరవై మూడేళ్ళ కిందటిది. చెవిపూసలో పెట్టుకుని విన్నాను. మొదటి అరనిమిషం ఏమీ లేదు, శుద్ధ నిశ్శబ్దం. తర్వాత ఒక్కసారిగా మావయ్యగారు. ఎంత గొంతండీ! చెవిపూస పాటగాడి గొంతొక్కటే ఏరి వినిపించి, మిగతాదంతా చెత్త కింద తీసేస్తుంది. అయినా ఒళ్ళు ఝల్లుమంది. ఆ ఖాళీ అరనిమిషం కోసేద్దామనుకున్నాను గాని ఉంచాను. జనం తాళ్ళు పట్టుకోవడానికి ఆ మాత్రం వ్యవధి ఉండాలి.

మావయ్యగారికి వినిపించబోతే తల అడ్డంగా ఊపారు. ఆయనకీ అత్తయ్యగారికీ చెవిపూసలంటే పడదు. దేవుడిచ్చిన చెవులకి మళ్ళీ చెవులెందుకనేవారు అత్తయ్యగారు. అందుకే ఊళ్ళో కుక్కపిల్ల గొంతు కూడా కొట్టులో దాచి ఉంది గాని, ఆవిడ గొంతు లేదు.

ఉదయమంతా ఎనిమిదో తొట్టి పంపుతో సరిపోయింది. సోలారు రేకుల మీద ఉప్పు తుడిచాను. తీగల పని సాయంత్రానికి సగమైంది.

పోటుకి ఏడు రోజులు

పెట్టె పూర్తయింది. అరచేయంత బోర్డు, దాని వెనక అరుపు పెంచే ఆంప్లిఫయరు, దాని వెనక బాకా. వీధిలో పధ్నాలుగు ఇళ్ళవాళ్ళూ చుట్టూ చేరారు. మావయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. కొబ్బరికాయ కొట్టి, స్విచ్చి వేశాను.

ఏమీ లేదు.

బుర్రుమని కూడా లేదు. అందరూ కాసేపు మర్యాదగా నిలబడ్డారు. నాలుగో ఇంటి సావిత్రమ్మ గారు చెవిపూస సర్దుకుని, "బావుంది తాయారూ" అన్నారు. ఇంకా మొదలవలేదని చెప్పాల్సి వచ్చింది.

మా ఆయన పద్ధతి వేరు. ఏ యంత్రం మొరాయించినా దాని నెత్తిన ఒక్కటిస్తారు.

"కొట్టి చూడవే ఓసారి."

"మీరు దీని జోలికి రాకండి."

"మొన్న నీళ్ళ మరకి ఇచ్చాను, పన్జేసిందా లేదా?"

"దాని గొట్టం ఊడింది కూడా మీరిచ్చిన దెబ్బకే."

మావయ్యగారు పలక ఎత్తారు: "దాన్ని కాదు, వాణ్ణి కొట్టు."

పోటుకి ఆరు రోజులు

ఏ రోగమైనా చివరి నుంచి మొదలుకి రావాలి. ముందు బాకా. దాని రెండు తీగలకీ చిన్న బ్యాటరీ ఆనించాను. ఠప్ మంది! ఎంత గట్టిగా అంటే అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. జనం బయటికొచ్చి ఏం విరిగిందని అడిగారు. ఇంటి గోడలు వెదురు తడికలు కాబట్టి మా ఊళ్ళో గాల్లోకి చప్పుడు చేయడమంటే పక్కవాళ్ళ కంచంలో చెయ్యి పెట్టినంత తప్పు. అందరికీ క్షమాపణ చెప్పుకున్నాను. లోపల మాత్రం గంతులేశాను. బాకా బతికే ఉంది.

తర్వాత ఆంప్లిఫయరు. దాని మొదట్లో వేలు పెడితే బాకా గరగరలాడింది. అదీ బతికే ఉంది. అంటే తప్పు చిప్పు దగ్గరో, దానికి ముందో.

పవరు కొలిచాను, సరిగ్గా ఉంది. చిప్పు నుంచి శబ్దం బయటికి రావాల్సిన కాలు కొలిచాను. సగం వోల్టేజీ దగ్గర కదలకుండా కూర్చుంది. అంటే మెలకువగానే ఉంది. మాట్లాడదు, అంతే. మావయ్యగారికి ఈ సంగతి చెబితే "నా సంగతీ అంతే" అని రాశారు. నవ్వాలో వద్దో తెలియక నవ్వాను.

పోటుకి ఐదు రోజులు

దొరికింది!

చిప్పుకి అంకెలతో పాటు తాళం వేసినట్టు కొట్టే రెండు క్లాకులు అందాలి. ఒకటి ప్రతి అంకెకీ కొట్టేది, రెండోది కుడి ఎడమలు చెప్పేది. కాగితం అక్కడ చెదలు తినేసింది కాబట్టి ఊహించి కలిపాను, తారుమారుగా కలిపాను. ఆ రెండు తీగలూ మార్చడానికి పావుగంట పట్టలేదు. ఆనందం పట్టలేక, స్విచ్చి వేయకముందే మా ఆయనతో పాయసం పెట్టించాను. పధ్నాలుగు ఇళ్ళకీ పంచాం.

స్విచ్చి వేశాను.

ఏమీ లేదు.

మావయ్యగారు గిన్నె నాకి, పలక మీద రాశారు: "పాయసం బాగుంది. పెట్టె బాగులేదు."

పోటుకి నాలుగు రోజులు

పరువు పక్కన పెట్టి రెండో వీధికెళ్ళి పెట్టెల బాషా గారిని పిలుచుకొచ్చాను. ఊళ్ళో సగం పెట్టెలు ఆయన చేసినవే. నా చేతిపని మీద ఆయనకి చిన్నచూపు అని నా అనుమానం. నా అనుమానాలు సామాన్యంగా నిజమవుతాయి.

అయితే ఆయన కళ్ళజోడు పెట్టుకుని, బోర్డు తిప్పి తిప్పి చూసి, మెచ్చుకున్నారు.

"పంపుల మనిషికి ఇంత మంచి చెయ్యా? ఇదిగో, మర్యాద తీగ టంకం చూడండి, ముత్యంలా ఉంది. మా కుర్రాళ్ళకి ఇది చూపించాలండి."

నేను మురిసిపోయాను. ఆయన తీగల్లో కదలికని తెర మీద గీతలుగా చూపే స్కోపు తగిలించారు. క్లాకులు రెండూ బ్రహ్మాండంగా ఆడుతున్నాయి. అంకెలు వస్తున్నాయి. బయటి కాలు సగం వోల్టేజీ దగ్గర చలనం లేకుండా ఉంది. బాషా గారు గడ్డం గోక్కున్నారు.

"అన్నీ వస్తున్నాయి, ఏదీ పోవట్లేదు. చిప్పు పోయుంటదండి. రెండోది ఉందన్నారుగా, వేసెయ్యండి."

వెళ్తూ వెళ్తూ ఇంకోసారి బోర్డు వంక చూసి తల ఊపారు. మనిషి మంచివాడే. ఇన్నాళ్ళూ అనవసరంగా ఆడిపోసుకున్నాను.

పోటుకి మూడు రోజులు

రెండో చిప్పు వేశాను. ఇరవై ఎనిమిది కాళ్ళు, ఒక్కొక్కటీ చీమ కాలంత. ఊపిరి బిగబట్టి అతికించాను. పాతది విప్పేటప్పుడు చుట్టూ ఉన్న తీగలన్నీ తీసి, కొత్తదానికి ఒక్కోటీ పుస్తకం చూసుకుంటూ మళ్ళీ పెట్టాను, మర్యాద తీగ దగ్గర నుంచి.

ఏమీ లేదు. అదే సగం వోల్టేజీ.

రెండు చిప్పులూ ఒకే రకంగా పోవు. తప్పు నాదే, ఎక్కడో తెలియదు. ఇంతలో సావిత్రమ్మ గారు సుద్దముక్క అడిగి పట్టుకెళ్ళారు. ఎందుకా అని చూస్తే, వాళ్ళ ఇంటి బల్లల మీద అంకెలు వేస్తున్నారు. విప్పాక ఏ బల్ల ఎవరిదో కలిసిపోకుండా. పక్కింటివాళ్ళూ మొదలుపెట్టారు. సాయంత్రానికి వీధంతా అంకెలే.

పంపుల కొట్టంలో కూర్చుని ఏడ్చాను. ఈ పుస్తకంలో ఇలాంటివి రాయకూడదు. కానీ రేపు ఈ పెట్టె విప్పేవాళ్ళకి ఏడుపొస్తే, వాళ్ళే మొదటివాళ్ళు కాదని తెలియాలి.

పోటుకి ఒక రోజు

నిన్నంతా అతుకులన్నీ మళ్ళీ వేడిచేశాను. బోర్డుని సారాతో కడిగాను. మా ఆయన నేను చూడనప్పుడు దాని నెత్తిన ఒక్కటిచ్చారు, చప్పుడు విన్నాను. ఇంక దేన్నీ వద్దనే స్థితిలో లేను.

మావయ్యగారు పొద్దున్నుంచి వంటశాల కప్పు మీదే కూర్చున్నారు. భోజనం పైకే తీసుకెళ్ళాను. చూపుడు వేలి గోరంత సుద్దముక్క మిగిలింది, దాంతో చిన్న చిన్న అక్షరాలు రాశారు: "పెట్టె పలక్కపోయినా నిన్ను ఏమీ అనను."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో మావయ్యగారు నన్ను ఏమీ అననని చెప్పడం ఇదే మొదటిసారి. బాకా కూడా కప్పు మీదకి చేర్చి, బోర్డు ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఆయన పక్కన కూర్చున్నాను. బయట నీటి మీద గాలి అప్పుడే తిరుగుతోంది.

పోటు రోజు

ఇది మధ్యాహ్నం రాస్తున్నాను.

తెల్లవారగానే తాళ్ళ చిలకమ్మ పడవ వచ్చింది. ఏటా రెండుసార్లు కొండల మీద నుంచి కిత్తనార తాళ్ళు తెస్తుంది. అమావాస్య నాడు మా తాళ్ళు రెండూ పీచులు లేచిపోయాయి కాబట్టి కొత్తవి కావాలని కబురు పెట్టాం. చిలకమ్మది నా వయసే. చెవిపూస లేదు, వాళ్ళ కొండల్లో ఎవరికీ ఉండదు. ఆవిడ ఒక్క మాటంటే మా వీధి చివర ఉన్న కోళ్ళు కూడా తలెత్తి చూస్తాయి.

తాళ్ళు దించి, వంటశాల కప్పెక్కి నా దగ్గరికొచ్చి కూర్చుంది. నా మొహం చూసి, ఒళ్ళో ఉన్న బోర్డు చూసింది.

"ఏటమ్మా అది? తాడు చిక్కుపడ్డట్టుంది."

"గొంతుపెట్టె. పలకడం లేదు చిలకమ్మా. అన్నీ చూశాను. బాషా గారు కూడా చూశారు."

"ఎలా చూసినారు?"

"మీటరుతో, స్కోపుతో..."

"అది కాదు. తాడెక్కడో తెగితే మేం ఏటి చేత్తామంటే, ఒక్కో పోగునీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఏలితో పట్టుకుని పోతాం. ఇది ఎక్కడికెళ్తంది, ఏ పని చేత్తంది అని అడుగుతాం. పని చెప్పలేని పోగుంటే అదే దొంగ."

నాకు వేరే పనీ లేదు, ఆశా లేదు. సరే అడుగు అన్నాను. ఆవిడ మోటు వేలు ఎర్ర తీగ మీద పెట్టింది.

"ఇదేటి?"

"కరెంటు లోపలికి తెచ్చేది."

"ఇది?"

"అంకెలు తెచ్చేది."

"ఈ రెండూ?"

"క్లాకులు. ఒకటి అంకెకి కొడుతుంది, ఒకటి కుడి ఎడమలు చెబుతుంది."

"ఇదో?"

"శబ్దం బయటికి తీసుకెళ్ళేది."

"మరి ఈ నల్లది?"

"అది మర్యాద తీగ."

"అంటే?"

"అన్ని పెట్టెలకీ ఉంటుందమ్మా. దణ్ణం పెట్టుకుని ముందు అదే అతికిస్తాం."

"ఉంటాదిలే. ఏ పని చేత్తంది?"

"పెట్టె గాల్లోకి చప్పుడు చేయకుండా ఆపుతుంది. చెవిపూసల్లోకి వెళ్ళేది వేరే దారిలో వెళ్తుంది కాబట్టి..."

అక్కడ ఆగిపోయాను.

చిలకమ్మ కూడా ఆగి నా వంక చూసింది. ఆ తర్వాత ఇంత నోరు తెరిచి నవ్వింది.

చిప్పుకి నోరు మూసే కాలొకటి ఉంటుంది. దాన్ని భూమి తీగకి కలిపితే చిప్పు మాట్లాడదు. తేలూరులో అమ్మ కడుపులోంచి వచ్చిన ప్రతివాళ్ళూ ఏ పెట్టె చేసినా మొదట చేసే పని అదే. నేనూ చేశాను. ఒకసారి కాదు, రెండుసార్లు చేశాను. ముత్యంలాంటి టంకంతో చేశాను. బాషా గారు మెచ్చుకున్నారు. వెనక్కి తిప్పి చూడండి, ఈ పుస్తకంలో నా చేత్తో నేనే మూడు చోట్ల రాసుకున్నాను. గాల్లోకి అరిచే పెట్టె చేస్తూ, అరవకుండా దాని నోరు కట్టేసి, ఎందుకు అరవడం లేదని వారం రోజులు ఏడ్చాను!

"తాయారమ్మగారూ! నీళ్ళు గుమ్మం మీదకి వచ్చేశాయండి!" ఇమ్మానియేలు గారు కింద నుంచి చేతులూపుతున్నారు. అప్పటికే అటు అరవై, ఇటు అరవై మంది కొత్త తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. పాట వినడానికి కాదు, ప్రయత్నించామని అనిపించుకోవడానికి.

కత్తెరతో నల్ల తీగ కోశాను. ఆ కాలుని కరెంటు వైపు కట్టాను. టంకం ముత్యంలా రాలేదు, బెల్లం ముద్దలా వచ్చింది. బాకాలో సన్నగా ఉస్సుమని గాలి ఊదినట్టు వినపడింది. పెట్టె తనంతట తాను చేసిన మొదటి చప్పుడు అదే. కప్పు అంచున మావయ్యగారు గభాల్న వెనక్కి తిరిగారు.

"అందరూ చెవిపూసలు తీసెయ్యండి!" అన్నాను. నా గొంతు ఎవరికీ వినపడలేదు. చిలకమ్మ లేచి నిలబడి అదే మాట ఒక్క కేక పెట్టింది. నూట ఇరవై మందీ తీసేశారు.

పాట పెట్టాను. మొదటి అరనిమిషం ఖాళీ ఉంటుందని నాకు తెలుసు. తాళ్ళు సర్దుకోమని సైగ చేశాను.

అది ఖాళీగా లేదు.

ముందు నీళ్ళ చప్పుడు. ఒక కుక్క. ఎవరో దగ్గారు. తర్వాత బాకాలోంచి, వంటశాల కప్పు మీద నుంచి, నీళ్ళ మీదుగా, ఊరంతటికీ వినపడేలా ఒకావిడ గొంతు.

"ఇదిగో, ముందీ శొంఠి కాఫీ తాగి ఏడు. గొంతు పోతే ఎవడు పాడతాడు, మీ తాతా?"

అత్తయ్యగారు.

చెవిపూస చెత్త కింద తీసేసింది ఇదన్నమాట. ఇరవై మూడేళ్ళుగా ఊరి కొట్టులో, పాట ముందు, అందరం ఖాళీ అనుకున్న అరనిమిషంలో ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. కింద తాళ్ళ దగ్గర పెద్దవాళ్ళు గుర్తుపట్టారు. రత్తమ్మ గారు, రత్తమ్మ గారు అని అటు నుంచి ఇటు దాకా పాకింది. మావయ్యగారు కప్పు మీద రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడ్డారు. పెదవులు కదిలాయి. అలవాటుగా జవాబు చెబుతున్నారు. ఏం చెబుతున్నారో వెంటనే తెలిసింది, ఆ జవాబు కూడా బాకాలో వచ్చేసింది.

"తాగుతానే, అరవకు. రికార్డవుతోందంట."

నూట ఇరవై మందీ ఒక్కసారి గొల్లున నవ్వారు. ఆ నవ్వులోనే పాట మొదలైంది.

"పట్టండి పట్టండి తాళ్ళు!"

"ఓహో!" అన్నారు రికార్డులో ఆనాటి జనం. అదీ చెవిపూసలో ఎప్పుడూ వినలేదు మేం. కింద మావాళ్ళు కూడా వాళ్ళతో కలిసి అన్నారు, ముందు సన్నగా, భయంభయంగా.

"పాదాలు నేలకి తన్ని!"

"ఓహో!" ఈసారి గట్టిగా. సావిత్రమ్మ గారి గొంతు నాకు విడిగా వినపడింది. ఆవిడకి అంత గొంతుందని పధ్నాలుగు ఇళ్ళలో ఎవరికీ తెలియదు.

వీధి కదిలింది. అడ్డంగా కాదు, సూటిగా, నీళ్ళు కోసుకుంటూ గుమ్మం మీదకి ముక్కు ఎత్తింది. ఎడమ తాడు వదలమంటే అరవై మందీ ఒకేసారి వదిలారు. ఊపిరి తియ్యమంటే ఊరంతా ఊపిరి తీసింది. కప్పు మీద మావయ్యగారు చేతులు ఊపుతూ, తన గొంతు కంటే ఒక్క అక్షరం ముందు పెదవులు కదుపుతూ, ఎవరైనా వెనకబడితే కాలితో కప్పుని తన్నుతూ నిలబడ్డారు. నేను ఒక చేత్తో బోర్డు పట్టుకుని, నాకు తెలియకుండానే ఓహో అంటున్నాను. కళ్ళు కనపడటం లేదు, నీళ్ళు నిండిపోయాయి.

నాలుగో చరణంలో వీధి అడుగు గుమ్మం మీద గరగరమని రాసుకుంది. ఏడో చరణంలో లోపలికి జారింది. మంచినీళ్ళు. వంటశాలలో ఒక్క అండా కూడా పడలేదు. మా ఆయన అది స్వయంగా చూసి వచ్చి చెప్పారు.

ఇమ్మానియేలు గారు తడి లుంగీతో పైకొచ్చి, నా చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయారు. దగ్గొచ్చింది. తర్వాత ఎక్కిళ్ళు.

పోటు మర్నాడు

వీధి మొత్తం తడి గుడ్డలతో బల్లల మీది అంకెలు తుడుస్తోంది. చిలకమ్మని ఇంకో వారం ఉండమన్నాం. పిల్లలకి అరవడం నేర్పుతానంది. బాషా గారు వచ్చి బోర్డు చూసి, కోసిన నల్ల తీగ చూసి, "నేను చూశానండి దాన్ని. కళ్ళారా చూశాను" అన్నారు. ఆయనకి పాయసం పెట్టాం.

పొద్దున్న మావయ్యగారు కొత్త సుద్దముక్కల డబ్బా తెప్పించుకుని, నా ముందు కూర్చుని పలక మీద రాశారు: "మొదట్నుంచి పెట్టు."

వీధి దాటేసింది కదా, ఇప్పుడు లాగేదేముంది అనుకుంటూనే పాట పెట్టాను. పట్టండి పట్టండి తాళ్ళు అని మొదలవగానే ఆయన తల అడ్డంగా ఊపారు. పలక తుడిచి మళ్ళీ రాశారు.

"అంతకు ముందు."

తర్వాత ఈ పెట్టె విప్పేవాళ్ళకి: ఇందులో మర్యాద తీగ లేదు. మరిచిపోయి కాదు, తెలిసే తీసేశాను. దయచేసి మళ్ళీ అతికించకండి. ఈ ఇంట్లో రోజూ పొద్దున్నే ఒకావిడ మొగుణ్ణి కాఫీ తాగమని తిడుతుంది. వీధంతా వింటుంది. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు.